చెట్ల లెక్కలో దాగిన చరిత్ర

అడవుల చరిత్ర పేరిట మనకు ఇంతవరకు లభించినది చాలామటుకు అటవీశాఖ చరిత్రే. ఏ ఏట ఏ చట్టం వచ్చింది, ఏ కొండను ఎప్పుడు రిజర్వు చేశారు, ఎన్ని ఘనపుటడుగుల కలప దిగింది, ఖజానాకు ఎంత జమ పడింది - ఇవే అందులో ఘట్టాలు. అడవిలో పుట్టి అడవిలో పోయిన మనిషి అందులో కనిపించేది ఒక్క చోటనే. అది నేరాల పట్టిక. ఇక వృక్షశాస్త్రజ్ఞులు రాసే అడవిలోనైతే ఆ మాత్రం కూడా కనిపించడు. అక్కడ చెట్లు, వాటి జాతులు, వాటి చుట్టుకొలతలు ఉంటాయి. మనిషి వస్తే ‘ఒత్తిడి’ అనే పేరుతో వస్తాడు.

ఈ రెండు రకాల పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తెలుస్తుంది. శాస్త్రజ్ఞుడు ఇవాళ కొలుస్తున్న చెట్ల లెక్క నిన్నటి చట్టాల లెక్కే. ఏ జాతి మిగిలింది, ఏ జాతి తగ్గింది, ఏ వయసు చెట్లు కరువయ్యాయి అనే ప్రశ్నలకు సమాధానం మట్టిలోనూ వానలోనూ సగమే దొరుకుతుంది. మిగిలిన సగం వెతకవలసింది ఆస్తి సంబంధాలలో.

పొందూరు వంటి మైదానపు ఊరికి అడవి సంగతులు ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. పొందూరంటే ఖద్దరు. 1921లో గాంధీ ఇక్కడి సన్ననూలు సంగతి విని, చూసి రమ్మని తన కుమారుడు దేవదాసును పంపిన కథ మన విద్యార్థులకు కంఠస్థమే. వాలుగ చేప దవడతో దూదిని దువ్వడం, ఏకులను ఎండిన అరటిబోదెలో దాచడం వగైరా విశేషాలను యాత్రికులు వచ్చి ఫోటోలు తీసుకుంటారు. కాని రాట్నం చెక్కతో చేసినది. మగ్గమూ చెక్కే. నాగలి, బండి చక్రం, రోకలి, దూలం, పెళ్ళిపందిట్లో విస్తరి, కాటి మీద కట్టె - అన్నీ ఎక్కడో ఒక అడవిలోంచి దిగివచ్చినవే. పాలకొండ, పార్వతీపురం కొండల మీదుగా దిగే నాగావళి నీరే ఈ మైదానపు పొలాలకు ఆధారం. మైదానమూ కొండా రెండు లోకాలుగా మనకు కనిపించడం వలసపాలకులు గీసిన ‘ఏజెన్సీ’ గీత పుణ్యం. ఆ గీతకు ఇవతల, అవతల సంత ఒక్కటే, సాహుకారు ఒక్కడే.

ఇంతకూ ఆ కొండల మీద ఉన్నదేమిటి? ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడి, ఆ వాన దాదాపు అంతా జూన్ నుంచి నవంబరు లోపలే పడిపోయి, మాఘ ఫాల్గుణాలకు చెట్లు ఆకు రాల్చే అడవి అది. 1936లో ఛాంపియన్ అనే అటవీ అధికారి భారత, బర్మా అడవులను తరగతులుగా విభజించాడు. 1968లో సేథ్‌తో కలిసి ఆ విభజనను సవరించాడు. నేటికీ అటవీశాఖకు అదే బైబిలు. ఆ లెక్కన ఇవి ఉష్ణమండలపు ఆకురాల్చు అడవులు. లోయల్లో తేమ రకం, ఎండ తగిలే వాలుల్లో పొడి రకం. మద్ది, వేగిస, చిరుమాను, కొండతంగేడు, కరక, తాని, ఉసిరి, నేరేడు, పసుపు కడిమి, పుసుగు, సారపప్పు, తునికి, మోదుగ, ఇప్ప, చింత, పనస, జీలుగు - ఇలా పేర్లు చెప్పుకుంటూ పోవచ్చు. వీటికి తోడు ఇక్కడ గుగ్గిలం చెట్టు ఉంది. సంస్కృతంలో సాలవృక్షమన్నది దాన్నే. హిమాలయ పాదాల నుంచి ఛోటానాగపూరు, ఒరిస్సాల మీదుగా వచ్చే సాల అడవి తూర్పు తీరాన మన ఉత్తరాంధ్ర కొండల దాకా వచ్చి ఆగిపోతుంది. ఉత్తరాది అడవికి తోక, దక్కను అడవికి తల కలిసే చోటు ఇది. అందుకే ఇక్కడ జాతుల సంఖ్య ఎక్కువ.

జాతుల సంఖ్య వేరు, వైవిధ్యం వేరు. ఈ తేడా తెలియకపోతే ప్రభుత్వ ప్రకటనలు చదివి మోసపోతాం గనుక కొంచెం ఆగి చెబుతాను. నూరు చెట్లున్న రెండు తోపులు ఊహించండి. రెండింటిలోనూ పదేసి జాతులు ఉన్నాయి. మొదటి తోపులో 91 టేకు చెట్లు, మిగతా తొమ్మిది జాతులకూ ఒక్కొక్కటి. రెండో తోపులో ప్రతి జాతికీ పదేసి చెట్లు. జాతుల పట్టిక రెండింటికీ ఒక్కటే పొడవు. కాని మొదటి తోపులో నడిచే మనిషికి టేకు తప్ప మరేమీ కనిపించదు. 1948లో షానన్ అనే అమెరికన్ ఇంజనీరు టెలిఫోను తీగల మీద పోయే వార్తల అనిశ్చితిని కొలవడానికి ఒక సూత్రం కట్టాడు. తరువాత జీవశాస్త్రజ్ఞులు దానిని ఎరువు తెచ్చుకున్నారు. ఆ సూత్రంతో లెక్కిస్తే మొదటి తోపుకు వచ్చే విలువ సుమారు 0.50, రెండోదానికి 2.30. పేరుకు పది జాతులు ఉన్నాయని చెప్పుకునే తోపు నిజానికి ఒకే జాతి పెత్తనంలో ఉండవచ్చునన్నమాట. పది పార్టీల పేర్లు ఓటు కాగితం మీద ఉన్నంత మాత్రాన ప్రజాస్వామ్యం వచ్చినట్టు కాదు కదా!

ఇక నిర్మాణం. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే మనిషి రొమ్ము ఎత్తున, చెట్టు చుట్టూ టేపు చుట్టి కొలుస్తారు. సాధారణంగా 30 సెంటీమీటర్ల చుట్టుకొలత దాటిన ప్రతి చెట్టునూ రాసుకుంటారు. అలా కొలిచినవాటిని సన్నవి, నడిమివి, లావువి అని తరగతులుగా పేర్చితే సహజంగా పెరిగే మిశ్రమ అడవిలో సన్నచెట్లు విస్తారంగా, లావు పెరిగేకొద్దీ తక్కువగా, చివరికి మహావృక్షాలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినట్లు ఉంటాయి. 1898లో ద్ లియోకూర్ అనే ఫ్రెంచి అటవీ అధికారి ఈ క్రమాన్ని మొదట లెక్కగట్టాడు. గీత గీస్తే అది ఎడమన ఎత్తుగా లేచి కుడికి జారుతుంది. సర్కారు తోటలో మాత్రం ఒకే ఏట నాటిన చెట్లన్నీ ఒకే లావున ఉంటాయి గనుక గీత గంట ఆకారంలో మధ్యలో ఉబ్బుతుంది. నడిమి తరగతి లోపించిన అడవిలో ఎప్పుడో కొన్నేళ్ళపాటు పిల్లచెట్లు బతకలేదని అర్థం. అవి మేతకు పోయి ఉండవచ్చు, మంటకు పోయి ఉండవచ్చు, గొడ్డలికి పోయి ఉండవచ్చు. లావు తరగతి లోపిస్తే ఎవరో పెద్దచెట్లను ఏరి పట్టుకుపోయారన్నమాట. ఒకే మొదలు నుంచి మూడు నాలుగు కాండాలు లేచి ఉంటే ఆ చెట్టును ఒకప్పుడు మొదట్లో నరికారన్నమాట. చుట్టుకొలత వయసు కాదు, బండల మీది చెట్టు నూరేళ్ళకు కూడా సన్నగానే ఉండవచ్చు. ఈ హెచ్చరికను మరవకుండా చదివితే, కొలతల పుస్తకం శాసనం వంటిది.

ఆ శాసనాన్ని మొదట రాయడం ప్రారంభించినది కంపెనీ. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి ఉత్తర సర్కారుల వృక్షసంపదను వర్ణించిన విలియం రాక్స్‌బర్గు చెట్ల తెలుగు పేర్లను శ్రద్ధగా సేకరించినవాడు. తునికికి, వేగిసకు శాస్త్రీయ నామాలు పెట్టినవాడు ఆయనే. కాని ఆ పేర్లు చెప్పినవారి పేర్లు ఆయన పుస్తకాలలో వెతకడం దండగ. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరల ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణమూ 1938లో నిఘంటువూ వెలువరించేదాకా కొండవాళ్ళ మాటకు పుస్తకంలో చోటు దొరకలేదనే చెప్పాలి. వ్యావహారిక భాషోద్యమాన్ని మన పండితులు గ్రాంథికవాదులతో పోట్లాటగానే చూస్తారు. దానికి ఈ రెండో ముఖం కూడా ఉంది.

పేర్ల తరువాత హక్కుల వంతు. 1871లో కూడా మద్రాసు రెవెన్యూ బోర్డు, ఈ రాజధానిలో ఏదో ఒక గ్రామపు ఎల్లలకు లోబడని అడవి దాదాపు లేదనీ, గ్రామస్థుల వాడుకకు అనాదిగా హక్కున్నదనీ ఒప్పుకుంది. పదకొండేళ్ళు తిరగకముందే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అయిన చోట గొడ్డు మేపడం, కట్టె కొట్టడం, నిప్పు పెట్టడం, చివరికి అనుమతి లేకుండా అడుగు పెట్టడం కూడా నేరాలయ్యాయి. మధ్యలో 1879-80లో రంప ఫితూరీ జరిగింది. కల్లు పన్ను, ముఠాదారుల దౌర్జన్యం, పోడుపై ఆంక్షలు - ఈ మూడూ కలిసి రగిలిన మంట అది. దాని బూడిద చల్లారకముందే చట్టం రాసుకున్నారు.

ఆ చట్టానికి సలహా చెప్పినవాడు డీట్రిక్ బ్రాండిస్. రైన్ నది ఒడ్డున బాన్ నగరంలో 1824లో పుట్టిన జర్మన్, వృక్షశాస్త్రవేత్త, 1864 నుంచి భారత అడవులకు మొదటి ఇన్‌స్పెక్టరు జనరల్. అదే రైన్ రాష్ట్రంలో 1818లో ట్రియర్ అనే ఊళ్ళో పుట్టి, ఆ బాన్‌లోనే ఏడాది చదివిన మరో జర్మన్ 1842 అక్టోబరు, నవంబరు నెలల్లో ఒక పత్రికలో వరుసగా వ్యాసాలు రాశాడు. విషయం కట్టెల దొంగతనంపై రైన్ శాసనసభ చేస్తున్న చట్టం. రాలిన పుల్లలను ఏరుకునే బీదవాళ్ళ వాడుక హక్కును దొంగతనంగా మార్చినప్పుడు రాజ్యం చెట్టు యజమానికి నౌకరుగా దిగజారుతుందని ఆయన వాదం. ఆయన పేరు కార్ల్ మార్క్సు. ఆర్థిక ప్రశ్నలవైపు తనను మొదట తిప్పినది ఈ కట్టెల వ్యవహారమేనని తరువాత తానే చెప్పుకున్నాడు. 1836లో ప్రష్యాలో నడిచిన రెండు లక్షల పైచిలుకు కేసులలో లక్షన్నర దాకా అడవి నేరాలేనంటే ఆ ప్రశ్న ఎంత పెద్దదో ఊహించవచ్చు.

ఒకే నేల నుంచి ఒకే తరంలో అటవీశాస్త్రమూ దాని విమర్శా పుట్టాయి. శాస్త్రం ఓడెక్కి మద్రాసుకు వచ్చింది, విమర్శ రావడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. అయితే బ్రాండిస్‌ను ఉత్త రాక్షసుడుగా చిత్రించడం అన్యాయం. గ్రామాలకు వాటి అడవులను విడిచిపెట్టాలని పదేపదే వాదించినవాడాయన. సర్వహక్కులూ రాజ్యానివేనన్న బేడెన్-పవెల్ ధోరణికి ఎదురు నిలిచాడు. మంచి అధికారి సలహా ఫైలులో ఉంటుంది, ఖజానా అవసరం చట్టమవుతుంది. మన దేశంలో ఇది కొత్త కాదు.

ఖజానా అవసరం ఇక్కడ రైలు రూపంలో వచ్చింది. 1893-96 మధ్య మద్రాసు వైపు నుంచి కటకం దాకా ఈస్టుకోస్టు రైలుమార్గం తెరిచారు. నేటి పొందూరు స్టేషను ఉన్నది ఆ దారిలోనే. ఆ రోజుల్లో మైలు దారికి సుమారు రెండువేల స్లీపర్లు కావాలి. కొయ్య స్లీపరు పదిపన్నెండేళ్ళకు కుళ్ళిపోతుంది, మళ్ళీ వెయ్యాలి. మందు పట్టించకుండా చెదను తట్టుకునే కర్రలు దేశంలో మూడే: టేకు, దేవదారు, గుగ్గిలం. గుగ్గిలం మన పక్కనే, గంజాం ఘుంసరు అడవుల్లోనూ ఇటు కొండల్లోనూ ఉంది. లావు తరగతి ఎక్కడ పోయిందని చుట్టుకొలతల పట్టిక అడిగే ప్రశ్నకు సగం జవాబు ఈ పట్టాల కింద పడి ఉంది. 1931లో పార్వతీపురం మీదుగా రాయపూరుకు దారి పడ్డాక లోపలి కొండలు కూడా సముద్రానికి దగ్గరయ్యాయి.

అడవిని ‘రక్షించడం’ అన్న మాటకు అటవీశాఖ నిఘంటువులో ఏమి అర్థమో తెలియాలంటే అడ్డతీగ సంగతి చూడాలి. పెద్దచెట్టును పట్టుకుని పైకెగబాకే బలమైన తీగ అది. దాని ఆకు అడ్డాకు. దానితో కుట్టిన విస్తళ్ళలో మైదానపు పెళ్ళిళ్ళు, తద్దినాలు జరిగేవి. దాని నార తాడవుతుంది, గింజ కాల్చుకు తింటారు. సవర, జాతాపు ఆడవాళ్ళు సంతకు తెచ్చే సరుకులో అడ్డాకుల కట్ట ముఖ్యమైనది. అటవీశాస్త్రం దృష్టిలో మాత్రం ఈ తీగ శత్రువు. సాలవృక్షపు మొదలును వంకర చేస్తుంది, కలప ధర పడిపోతుంది. కనుక దేశంలోని సాల అడవులన్నిటా తీగనరుకుడు ఒక నియమిత కార్యక్రమం. ఒక ఆడమనిషి తీగను కోస్తే నేరం, శాఖ నరికిస్తే సంరక్షణ! పైగా తీగను లెక్కలోకి తీసుకునే అలవాటు నేటి వైవిధ్య అధ్యయనాలకు కూడా తక్కువ. అవి 30 సెంటీమీటర్లు దాటిన చెట్లనే ఎంచుతాయి. సంతలో ఆడవాళ్ళ బతుకు తూగేది ఆ 30 సెంటీమీటర్ల కింద.

కలపకు ఉపయోగపడని చెట్టు ‘అడవికర్ర’, అంటే చిల్లర. అంకుడు ఆ చిల్లరలోదే. ఏటికొప్పాక లక్కబొమ్మ అంకుడు లేకపోతే లేదు. పనస లేకపోతే బొబ్బిలి వీణ లేదు. శాఖవారి పట్టికలో చిల్లర అయినది ఒక ఊరి కళకు ప్రాణం.

పోడు విషయంలో మనవాళ్ళలో కూడా కొందరు సర్కారు మాటనే వల్లిస్తారు. పోడువల్ల అడవి నాశనమవుతుందన్నది సగం నిజం. చుట్టూ అడవి విస్తారంగా ఉండి, ఒక కొండవాలును రెండు మూడేళ్ళు సాగుచేసి పదిపదిహేనేళ్ళు వదిలే రోజుల్లో అది అడవిలో ఒక వంతు నిద్ర, ఒక వంతు మెలకువ. ఇప్పను, చింతను, మామిడిని, పనసను, జీలుగును కొట్టరు. మిగతావాటిని మోకాలెత్తున నరుకుతారు, మొదలు బతికే ఉంటుంది. వదిలేసిన చోట మళ్ళీ చివుళ్ళు లేస్తాయి. అందుకే పాత పోడు నేలల్లో పళ్ళచెట్లు సహజమైన పాళ్ళకన్న ఎక్కువగా, లావుగా కనిపిస్తాయి. శాస్త్రజ్ఞుడు దానిని ‘చెదిరిన అడవి’ అంటాడు. నేను దానిని పెంచిన అడవి అంటాను. అయితే రిజర్వు గీతలు చుట్టూ బిగుసుకుని, సాహుకారు అప్పు కింద పల్లపు భూమి పోయి, మిగిలిన చిన్న తునకనే మూడేళ్ళకొకసారి తిరగేయవలసి వచ్చినప్పుడు మొదళ్ళు చచ్చిపోతాయి, మట్టి కొట్టుకుపోతుంది. ఆ నాశనం నిజం. దానిని చోడి చల్లుకునే సవర ఖాతాలో మాత్రమే రాయడం అబద్ధం.

మైదానపు రైతు కూడా ఈ కథలో ఉన్నాడు. ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం 1802 శాశ్వత పరిష్కారం కింద జమీందారుల చేతిలో పడింది. అడవి జమీందారుదే అయింది. పల్నాటిలో పుల్లరికి ఎదురుతిరిగి 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకికి బలి కావడం ప్రసిద్ధమే. ఉత్తరాంధ్రలో అదే పోరాటానికి కేంద్రం మందస. 1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు కాలినడకన సాగిన రైతుయాత్ర ఈ ప్రాంతాన్ని కదిలించింది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఆ సభకు అధ్యక్షుడుగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ అప్పటికే అరెస్టయ్యాడు. మహేంద్రగిరి నీడన ఉన్న మందస జమీలో రైతులు అడవిలో కర్ర కొట్టుకోవడం మా హక్కని అడవిలోకి నడిచారు. పట్టుకోవడానికి పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చారు. ఆడవాళ్ళు అడ్డు నిలబడ్డారు. 1940 ఏప్రిల్ 1న కాల్పులు జరిగాయి. సాసుమాన గున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు రైతులు చనిపోయారు. వీరగున్నమ్మ అని జనం ఆమెను పిలుచుకుంటారు. రాట్నం పాఠ్యపుస్తకానికి ఎక్కింది, కట్టెమోపు ఎక్కలేదు.

1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చింది. జమీందారు పోయాడు. ఇక అడవి తమదేనని అనుకున్న రైతుకూ కొండవాడికీ ఎదురుపడినది ఫారెస్టు గార్డు. జమీ అడవులు ప్రభుత్వపరమై, తరువాత రిజర్వులయ్యాయి. ఈ సంధికాలంలో చట్టం తమపై అమలయ్యేలోపల కొట్టగలిగినంత కొట్టించి అమ్ముకున్న జమీందారులు తక్కువమంది కారు. 1949లో ప్రైవేటు అడవుల పరిరక్షణ చట్టం చేయవలసి రావడమే దానికి సాక్ష్యం. లావు తరగతి లోటుకు మిగతా సగం జవాబు ఇక్కడ ఉంది. శ్రీకాకుళ గిరిజనోద్యమం తొలి కోర్కెలను చూడండి: ఇంటికీ నాగలికీ కర్ర, పోడుకు భరోసా, అటవీ సరుకుకు న్యాయమైన ధర, వెట్టి రద్దు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న హతులైన తరువాత ఆ ఉద్యమం ఏ దారి పట్టిందో, 1970లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఎలా నేలకొరిగారో ఈ పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ దారి మంచిచెడ్డలు ఇక్కడి విషయం కావు. కోర్కెల పట్టిక మాత్రం చెట్ల పట్టికే.

తరువాతి దశాబ్దాలలో టేకు, జీడిమామిడి, నీలగిరి తోటలు వచ్చాయి. అటవీ విస్తీర్ణం అనే అంకెలో పచ్చగా కనిపించే ప్రతి చదరం అడవి కాదు. ఉపగ్రహం పై నుంచి ఆకు పందిరిని చూస్తుంది, దాని కింద పది జాతులున్నాయో ఒకటే ఉందో అంత సులువుగా చూడలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కన తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి వరసలకు వరసలే పడిపోయాయి. ఒకే జాతి మీద ఆధారపడిన రైతుకు ఆ రాత్రి షానన్ సూత్రం చెప్పవలసిన పని లేదు.

2006లో అటవీ హక్కుల చట్టం చేశారు, 2007 డిసెంబరు 31 నుంచి అది అమలులోకి వచ్చింది. చట్టం చెప్పినదేమిటంటే, వ్యక్తికి సాగుభూమిపై హక్కే కాక, గ్రామానికి మొత్తంగా తన అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఉంది, దానిని తేల్చే పని గ్రామసభతో మొదలు కావాలి. వ్యక్తిగత పట్టాల పంపిణీకి సభలు, దండలు జరుగుతాయి. సామూహిక హక్కు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగుతుంది. ఒక ఊరు తన అడవి ఇదీ అని గీత గీసి చూపించాలంటే సాక్ష్యం కావాలి. సాక్ష్యం చెట్లలోనే ఉంది: మోకాలెత్తు మొదళ్ళు, పోడులో విడిచిన ఇప్పలు, తాతల నాడు నాటిన చింతలు, గాట్లు పడిన జీలుగులు.

మన కళాశాలల వృక్షశాస్త్ర, చరిత్ర విద్యార్థులు కలిసి చేయదగిన పని ఒకటుంది. సీతంపేట వైపు ఏదైనా ఒక గ్రామం పెద్దలను అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే, వంద మీటర్లకు వంద మీటర్లు, అంటే ఒక హెక్టారు నేల కొలవాలి. కావలసినవి తాడు, టేపు, నోటుపుస్తకం, పదిమంది మనుషులు. పట్టికలో ప్రతి చెట్టుకూ చుట్టుకొలత, జాతి పేరు ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన మరి మూడు గడులు గీయాలి. ఆ చెట్టును సవరలో ఏమంటారు, దానినుంచి ఏమి తీసుకుంటారు, దాని మొదలును ఎవరు ఎప్పుడు కొట్టారు. 30 సెంటీమీటర్ల లోపు మొక్కలనూ అడ్డతీగలనూ విడిచిపెట్టకూడదు. ఒక ప్రతి గ్రామసభకు ఇచ్చి రావాలి, ఎందుకంటే హక్కుల దరఖాస్తుతో జతపరచవలసినవాళ్ళు వాళ్ళు.